చింతపండు లెక్కలో గ్రాఫిక్స్ కార్డు

మా ఆయన గోపాలకృష్ణమూర్తి గారికి రాజమండ్రిలో చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఏజెన్సీ కొండల నుంచి కొత్త చింతపండు దిగినప్పుడు చవగ్గా కొని, వానలు పడి ధర ఎక్కాక అమ్మడం ఆయనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ విద్యను కొట్టులోనే వదిలి ఇంటికి వస్తే నాకు గొడవే లేదు. వదలరే! కొత్త చీర కొంటే పండగ దాకా మడత విప్పనివ్వరు. మిక్సీ కొని ఆరునెలలు అట్టపెట్టెలోనే ఉంచితే, దాని పక్కనే కూర్చుని రోట్లో పచ్చడి నూరాను.

రెండువేల నాలుగులో, మా అమ్మాయి శ్రీదివ్య ఇంటర్ చదువుతుండగా, ఇంటికి కంప్యూటర్ వచ్చింది. పిల్లకు కారు పందేల ఆటంటే ప్రాణం. ఆ ఆటేమో మా కంప్యూటర్‌లో నత్తనడక నడిచేది. కారు ఒక మలుపు తిరిగేలోగా నేను కూర తాలింపు వేసేసేదాన్ని. గ్రాఫిక్స్ కార్డు పెడితే బొమ్మ ఆగకుండా పరుగెడుతుందట. వాళ్ళ నాన్న చుట్టూ తిరిగి తిరిగి మొత్తానికి ఒప్పించింది.

కంప్యూటర్ల షాపు అచ్చిబాబు ఊరుకోవచ్చుగా! "త్వరగా తీసుకోండి బాబుగారూ, వచ్చే నెల నుంచి కార్డుల రేట్లు పెరుగుతున్నాయండి" అన్నాడు. మా ఆయన కళ్ళు మెరిశాయి. పిల్ల ఒకటి అడిగితే మూడు కొన్నారు. అది గంతులేస్తుంటే, ఆయన మూడింటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఒక్కటైనా పెట్టించు నాన్నా."

"ఉండమ్మా బంగారం. సీలు తీస్తే సగం ధర కూడా రాదు. ఇంకాస్త ఎక్కనీ, రెండు అమ్మేస్తే నీది ఊరికే వచ్చినట్టే."

ధర నిజంగానే ఎక్కింది. అమ్ముతారా అని అచ్చిబాబు ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఎక్కుతుందిలే" అనేవారు. పిల్ల మొదట రోజూ అడిగింది, తర్వాత ఆదివారాలు అడిగింది, చివరికి అడగడం మానేసింది. నాకు ఒళ్ళు మండిపోయేది. "చింతపండైతే పులుసులోకైనా వేస్తాను, ఆ పెట్టెల్ని ఏం చేసుకోమంటారు?" అని దెబ్బలాడాను.

"నీకు వ్యాపారం తెలీదే" అన్నారు.

శ్రీదివ్య ఇంజనీరింగ్‌లో చేరి ఏడాదయ్యాక, పాత కంప్యూటర్ ఇచ్చేసి కొత్తది తీసుకున్నాం. ఆ రోజు మా ఆయన ఠీవి చూడాలి! బీరువా తీసి, ఒక పెట్టె సీలు తన చేత్తో చింపి, అచ్చిబాబుకు అందించారు. అతను కార్డు చేతిలోకి తీసుకుని, కంప్యూటర్ లోపలికి చూసి, తల గోక్కున్నాడు.

"ఇది పట్టదండి బాబుగారూ. కొత్త బోర్డుల్లో కార్డు గుచ్చే స్లాట్ మారిపోయిందండి. ఈ మూడింటినీ ఇప్పుడెవరూ అడగరండి."

శ్రీదివ్య ఏడ్చినా బాగుండేది. "పర్లేదు నాన్నా, నాకేం వద్దులే" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆయన అన్నం కలిపి అలాగే వదిలేశారు.

"చిన్నప్పుడు రోజుకు పది అడిగేది కదే. ఇంక నన్నేమీ అడగదేమో రత్నం" అన్నారు. ఎంత కోపంగా ఉన్నా, ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు కొట్టు తెరవకుండానే నన్ను అచ్చిబాబు షాపుకు లాక్కెళ్ళారు. కొత్త బోర్డుకు సరిపోయే కార్డు ఒక్కటే పాత మూడింటి ఖరీదు పలుకుతోంది.

"రెండు నెలలు ఆగితే తగ్గొచ్చండి" అన్నాడు అచ్చిబాబు.

కరివేపాకు రెబ్బకు కూడా బేరమాడే మనిషి! "ఆగలేనయ్యా" అని, సీలు అక్కడే చింపేశారు.

సాయంత్రం తెర మీద కారు రయ్యిన దూసుకుపోయింది. ఆయన పిల్ల వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. అది వరసగా రెండు పందేలు ఆడేసింది. తర్వాత తల తిప్పకుండానే అంది:

"నాన్నా, ఈ స్పీకర్లు బాలేవు. మంచివి కావాలి."

"ఇప్పుడే తెస్తా" అంటూ మా ఆయన చెప్పులేసుకున్నారు.