ఆదిశేషయ్య గారి నులక స్టూలు

"ఆ సూది పడకపోతే నా పిల్ల దక్కదండీ. ఇంకేమీ అడగను, పెన్సిలిన్ ఇవ్వండి."

ఆ మాట అన్నది ఛాయాదేవి. గుంటూరులో ఇంటరు సైన్సు చదివిన మనిషి. ఆమె ఒళ్లో పది నెలల శివపార్వతి రెండు రోజులుగా జ్వరంతో కాలిపోతోంది. అది 1948, వానాకాలం. ఎదుట కూర్చున్నది కంకిపాడు డాక్టరు ఆదిశేషయ్య గారు. నేతవారి ఇంట పుట్టి, తండ్రి మగ్గం మీద వచ్చిన డబ్బుతో ఎల్.ఎం.పి. వైద్యం చదివినవారు. ఆయనకు వారానికి ఒక్క పెన్సిలిన్ సీసా దొరికేది. బెజవాడ నుంచి పొద్దుటి బస్సులో, ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో వచ్చేది.

ఆయన పాప వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. రొంప జ్వరం. దీనికి పెన్సిలిన్ పనిచెయ్యదు."

"ఎలాంటి జ్వరమైనా దిగుతుందని పేపర్లో చదివానండీ."

"పేపరువాళ్లు మీ పాపని చూళ్లేదు కదమ్మా."

అంతలో పాప ఏడుపు ఆపింది. గోడవార నులక అల్లిన స్టూలొకటి ఖాళీగా ఉంది. పాప దానివైపు చూసి నవ్వి, ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాచింది.

ఛాయాదేవి స్టూలు వైపు, తరవాత బయటికి చూసింది. "వరండాలో అంతమంది నిలబడి ఉన్నారు, దానిమీద ఒక్కరూ కూర్చోలేదేం?" అని అడిగింది.

"డాక్టరు గారి మామగారొచ్చినా నిలబడాల్సిందేనండీ," అన్నాడు కాంపౌండరు బాలశౌరి, సీసాలు కడుగుతూ. ఆదిశేషయ్య గారు నవ్వలేదు.

"నులక చూశారా, ఎవరో కూర్చున్నట్టు కిందికి దిగిపోయింది. రెండుసార్లు బిగించి అల్లించాను. తెల్లారేసరికి మళ్లీ అంతే." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పోయినేడు సంపూర్ణమ్మని కాన్పయిన అయిదో రోజున బండిలో తెచ్చారు. బాలింత జ్వరం. దానిమీదే కూర్చోబెట్టారు. అప్పటికే ఊళ్లో పెద్దింటి మాణిక్యమ్మ గారు మనవడితో నా ఎదుట కూర్చున్నారు. ఇలాంటి రొంపే. 'సూది వెయ్యకుండా పంపితే ఊళ్లో మీ పేరేమవుతుందో చూసుకోండి' అన్నారు. జంకాను. ఉన్న ఒక్క సీసా ఆ పిల్లాడికి వాడేశాను. మళ్లీ సీసా వచ్చేసరికి సంపూర్ణమ్మ లేదు. ఆవిడ ఏమీ అడగలేదమ్మా. అడగాలని ఆవిడకి తెలియదు."

ఛాయాదేవి పాప చేతులు రెండూ కిందికి దించి గట్టిగా పట్టుకుంది.

"పాప పడుకున్నప్పుడు గంటగంటకీ ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి యాభై దాటినా, డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా ఆ క్షణమే రండి. సీసా ఇక్కడే ఉంటుంది."

ఇంటికెళ్లి లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది. నలభై ఒకటి. ముప్ఫై ఆరు. పట్టపగలు, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. అయినా పాప ఊపిరి పక్కనే ఇంకో ఊపిరి, మెల్లగా, బరువుగా వినిపించి రెండుసార్లు లెక్క తప్పింది. రెండుసార్లూ మొదటి నుంచీ లెక్కపెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగింది. పాప ఆత్రంగా పాలు తాగింది.

ఆ సాయంత్రమే ఆ సంగతి చెప్పడానికి వెళ్లేసరికి ఫ్లాస్కు మూత తీసి ఉంది. కాలవ అవతలి పల్లె నుంచి పున్నమ్మ అనే బాలింతను జ్వరంతో తెచ్చారు. ఆమె కళ్లు తేలేస్తూ ఆ స్టూలు మీదే కూలబడింది. ఎవరూ లేవమనలేదు. ఆదిశేషయ్య గారు అక్కడే మోకాళ్ల మీద కూర్చుని సూది వేశారు.

వారం తరవాత పున్నమ్మ బతికి, బిడ్డనెత్తుకుని బండెక్కింది. ఆ రోజు ఛాయాదేవి పాపతో అక్కడే ఉంది. నులక బల్లలా బిగుసుకుని ఉంది. పాప అటు చూడనైనా చూడలేదు. ఆదిశేషయ్య గారు స్టూలు మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు.

పాపకు ఒళ్లు వెచ్చబడ్డప్పుడల్లా ఆమె ముందుగా గడియారం దగ్గర పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టేది. పున్నమ్మ వెళ్లిన రోజు గుమ్మం దాకా వచ్చి ఆయన చెప్పిన మాట వల్లే:

"ఈసారి మందు పేరు పట్టుకుని రాకండమ్మా. పాపలో ఏం చూశారో అది పట్టుకుని రండి."