రెండో ముక్కు

ఈ ఉదయం వంటింటి పై అరలో చింతపండు డబ్బా కోసం తడుముతుంటే, వెనకాల నుంచి గాజు మూత ఉన్న సీసా ఒకటి చేతికి తగిలింది. అడుగున కాస్త గోధుమరంగు నీళ్ళు. వంటింట్లో పెట్టుకోవలసిన సరుకు కాదది, నాకు తెలుసు. కానీ ఎక్కడ పెట్టినా అడిగేవాళ్ళు లేని ఇంట్లో వస్తువులు తమకు నచ్చిన చోట ఉంటాయి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాను. రాలేదు. స్టవ్ మీద పాలు పొంగి పొయ్యంతా పాడైనా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మాది గోదావరి వైపు. మావారికి పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో బీరంగూడలో ఇల్లు కట్టుకుని ఇక్కడివాళ్ళమైపోయాం. మాకు పిల్లలు లేరు. సాయంత్రం స్కూటర్ ఆగగానే ఆయన కంటే ముందు ఆయన చొక్కా వాసన లోపలికి వచ్చేది. బాగా మాగిపోయిన అరటిపండు, ఆసుపత్రి వరండా, కాలిన రబ్బరు, ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. "కంపు! గుమ్మంలోనే ఆగండి. ముందు స్నానం, తర్వాతే కాఫీ" అని నేను అరిచేదాన్ని. "ఈ కంపే మనకు అన్నం పెడుతోందే" అని ఆయన నవ్వుతూ చెప్పులు విప్పేవారు. ఈ సంభాషణ మా ఇంట్లో ఏళ్ళ తరబడి మాట మారకుండా సాగింది. ఆ చొక్కాలను విడిగా నానబెట్టి, సబ్బు అరిగిపోయేలా రుద్ది, డాబా మీద ఎండలో ఆరేసేదాన్ని. నా ఉతుకుడు గురించి వీధిలో మంచి పేరుండేది.

ఆయన గుండెపోటుతో పోయారు. పన్నెండో రోజు బంధువులు బట్టలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేస్తుంటే, ఒక్క చొక్కా అయినా ఉంచుకుందామని ఒక్కొక్కటీ తీసి వాసన చూశాను. అన్నీ సబ్బు వాసనే. అంత బాగా ఉతికాను మరి. ఆ తర్వాత ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. అది కూత పెడితే "వస్తున్నానుండు" అని జవాబు చెప్పేదాన్ని. ఒకరోజు పొద్దుటి నుంచి నా నోట వచ్చిన మాట అదొక్కటేనని రాత్రి పడుకునే ముందు తట్టింది. భయమేసింది.

పెన్షన్ పని మీద సంగారెడ్డి వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర కమ్యూనిటీ కాలేజీ బోర్డు కనిపించింది. వయసుతో పనిలేదని రాసి ఉంది. కుట్టుపని నేర్చుకుందామని లోపలికి వెళ్ళాను. "కుట్టుల సీట్లు నిండినయి మేడమ్. పర్యావరణం, వన్యప్రాణుల నిర్వహణల ఖాళీ ఉన్నయి. రాస్కోమంటరా?" అన్నాడు గుమాస్తా. రాసుకోమన్నాను. ఆ రోజు గుర్రాలకు నాడాలు కొట్టే కోర్సు ఉందన్నా చేరేదాన్నే.

అలా ఈ వయసులో నేను పులి అడుగును చూసి అది ఆడదో మగదో ఎలా చెప్పాలో నేర్చుకున్నాను. బీరంగూడలో అది ఎవరికి చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. క్లాసులో అంతా ఇరవై దాటీ దాటని పిల్లలు. నేను వస్తే లేచి చోటిచ్చేవారు, ఇచ్చి వెనక బెంచీకి వెళ్ళిపోయేవారు. మర్యాద వల్ల కూడా మనిషి ఒంటరి కావచ్చని అక్కడే తెలిసింది. మధ్యాహ్నం వాళ్ళంతా మిర్చి బజ్జీల బండి దగ్గరికి పరిగెడితే, నేను కిటికీ పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేదాన్ని. అయినా ఇంట్లో కంటే అదే నయం. కనీసం హాజరు పిలిచేటప్పుడు నా పేరు వినపడేది.

నీటి పరీక్షలు మొదలయ్యాక సారు ఇద్దరిద్దరిని జతచేశారు. ఇంకెవరూ మిగలనందువల్ల ఒక బక్కపలచని అమ్మాయి నాకు జతగా దొరికింది. వాళ్ళది పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే వాగు పక్క ఊరే, వ్యవసాయం చేసే కుటుంబం. నీళ్ళ రంగుకూ వాసనకూ మా కాలేజీలో యంత్రాలేవీ లేవు. "మన కన్ను, మన ముక్కే యంత్రాలు. గని ఒక్క ముక్కు మాట నమ్మొద్దు. ఇద్దరు ఒప్పుకుంటేనే వాసన రాయాలె" అని సారు గట్టిగా చెప్పారు.

వాగు దగ్గర ఆ పిల్ల చున్నీని ముక్కుకు అడ్డంగా కట్టుకుని సీసా నింపింది. నేను మామూలుగా నిలబడ్డాను.

"నాకేం వాసన రావడం లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నావైపు కోపంగా చూసింది. "గింత కంపు కొడ్తుంటే ఏం వస్తలేదా ఆంటీ? గీ నీళ్ళు పారినంక మా మడిల వరి మొత్తం మాడిపోయింది. మా బర్రెలు సుత మూతి పెడ్తలేవు. మీకేం వస్తలేదా?"

నేనేదో అబద్ధం చెబుతున్నానని అనుకుంది. అబద్ధం కాదు. అన్నేళ్ళు ఇక్కడి గాలి పీల్చిన ముక్కు అది. తిరుగు బస్సులో ఆ పిల్ల వెళ్ళి వేరే సీట్లో కూర్చుంది. దొరికిన ఒక్క తోడూ పోయిందని దిగులు పడ్డాను.

మర్నాడు ల్యాబులో, వాసన పైకి తేలడానికి సీసాను వేడినీళ్ళలో పెట్టి కాస్త వెచ్చబరిచాం. నేను మూత తీశాను. గుమ్మంలో స్కూటర్ ఆగినట్టయింది. అదే అరటిపండు, అదే వరండా, అదే రబ్బరు. "ముందు స్నానం" అన్న మాట పెదవి దాకా వచ్చి ఆగింది. పిల్లలందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

"ఏమైంది ఆంటీ? కండ్లల్ల పడ్డదా?" అని ఆ పిల్ల నా భుజం పట్టుకుంది. చెప్పాను. చొక్కాల సంగతీ, సబ్బు సంగతీ అంతా. మాకు అన్నం పెట్టిన కంపే వాళ్ళ అన్నం తీసేసిందని చెబుతున్నప్పుడే అర్థమై సిగ్గేసింది. ఆ పిల్ల పెన్ను నా చేతిలో పెట్టింది. తర్వాత కాగితం నావైపు జరిపి, "మీకేమనిపిస్తే గదే రాయుండ్రి. నేను ఒప్పుకుంట" అంది.

'మందుల వాసన' అని మెత్తగా రాయొచ్చు. రాయబోయాను కూడా. కానీ వాళ్ళ మడి పోగొట్టుకుని కూడా నా మాటకు ఒప్పుకుంటానన్న పిల్ల ముందు చెయ్యి ఆడలేదు. రోజూ గుమ్మంలో అరిచిన మాటే రాశాను. కంపు. సారు దాన్ని కొట్టేసి 'తీవ్రమైన దుర్వాసన' అని రాశారు. మిగిలిన నీళ్ళు పారబోయాలి. ఆ పిల్ల పారబొయ్యకుండా మూత బిగించి నా సంచిలో పెట్టింది. "మాటిమాటికి తియ్యకుండ్రి ఆంటీ, వాసన పోతది" అని చెప్పింది. తియ్యకుండా ఉండగలనని ఎలా అనుకుందో!

ఇప్పుడు ఆ పిల్ల నల్లమల వైపు అడవిలో ఉద్యోగం చేస్తోంది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి పులి అడుగుల గురించి చెబుతుంది. ఈ ఉదయం నేనే చేద్దామనుకున్నాను. చేసి ఏమడగను? వాసన ఫోన్‌లో వెళ్ళదు కదా. పక్కింటావిడను పిలవొచ్చు, కానీ ఆవిడా నాలాగే, వాగులో నిలబెట్టినా ఏమీ రావడం లేదంటుంది. పొయ్యి తుడిచి, మూత బిగించి, సీసాను మళ్ళీ అరలో పెట్టాను. వాసన పోయిందో, నా ముక్కే దానికి అలవాటు పడిందో తేలలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఏది నిజంగా పోయిందో, దేనికి మనం అలవాటు పడిపోయామో చెప్పడానికి ఇంట్లో ఇంకొక మనిషి ఉండాలి.