నడిమి గడప కింద

కీమాన్ తాత పోయాడు. మంగళవారం పొద్దున ఆయన పక్కింటి అక్క జనగామలో విలేకరిగా ఉన్న నాకు ఫోన్ చేసింది: "తాత పోయిండు. జల్ది రా." రైలెక్కాను. అది మా ఊరి మీదుగానే పోయింది, ఆగలేదు. మహబూబాబాద్‌లో దిగి ఆటోలో వెనక్కి వచ్చాను.

ఒకప్పుడు ప్రతి బండీ ఇక్కడ ఆగేది. బొగ్గు ఇంజన్లు నీళ్ళు పట్టుకునేవి. ఆగిన ఆ కాసేపటి మీదే ఊరు బతికింది: చాయ్ హోటళ్ళు, జామకాయల గంపలు, రైల్వే క్వార్టర్లు. ఇంజన్లు మారాయి, నీళ్ళ అవసరం పోయింది. చివరికి స్టేషన్ మూశారు. క్వార్టర్ల తలుపులు కూడా ఎవరో పీక్కుపోయారు. పట్టాల పక్కన పన్నెండు ఇళ్ళు మిగిలాయి. అన్నిటికన్నా ముందున్నది తాతది.

కీమాన్ పని రోజూ పట్టాల వెంట నడవడం, వదులైన బిగింపులను సుత్తితో బిగించడం. రిటైరైనా ఆయన ఆ నడక మానలేదు. "చెవుతోని సూడాలె. కంటికి అన్నీ గట్టిగనే కనబడ్తయి" అనేవాడు.

పోయిన ఎండాకాలం రైల్వే స్థలం కొలిచారు. హద్దురాయి దొరకలేదు. అది దొరకనందుకు పన్నెండు ఇళ్ళూ రైల్వే స్థలంలోవేనని గుర్తులు పెట్టారు. జేసీబీ వచ్చిన రోజు వార్త కోసం నేనూ వెళ్ళాను.

"రాయి సూపియ్యుండ్రి, ఆపుతం" అన్నాడు సర్వేయర్.

జేసీబీ ఇంజను ఆగలేదు. పక్కింటి అక్క తాత మీద పడింది. "ముప్పై ఏండ్లు గీ పట్టాలెంబడే తిరిగితివి. ఒక్క రాయి యాదికి లేదా? సుత్తి పట్టి ఏం కొట్టినవ్, ఈగలా?"

ఒకరిద్దరు నవ్వారు. తాత లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు. సర్వేయర్ ముందు పడేశాడు.

"నా నడిమి కడప పలగ్గొట్టుండ్రి. రాయి దాని కిందనే ఉన్నది."

"నీకెట్ల ఎరుక?"

"నేనే కప్పిన సారూ. ముందరి అర్ర ఏసుకున్నప్పుడు. అప్పటి సంది ఎవ్వలకు చెప్పలే."

గడప తవ్వారు. రాయి పాతిన చోటే నిలబడి ఉంది. సర్వేయర్ రెండుసార్లు కొలిచాడు. వెనుక పదకొండు ఇళ్ళు ఊరి స్థలంలో ఉన్నాయి. గడపకు ఇవతలున్న తాత ముందరి గది మాత్రం రైల్వేది.

"గీ అర్ర పోతది, పెద్దమనిషీ."

"పోనీయుండ్రి. అది నాది కాకపాయె."

అక్క అక్కడే కింద కూర్చుంది. "గిదేంది తాతా! ముందే చెప్పొద్దా?"

"చెప్తే నా ఇల్లు పోతదని భయపడ్డ బిడ్డా. చెప్పకుంటే మీయి పోతుండె."

నేను బయల్దేరుతుంటే తాత ఆపి అన్నాడు: "నేను దాచిన ముచ్చట గూడ పేపర్ల ఎయ్యి." వేశాను. ఊళ్ళో ఇద్దరు నన్ను తిట్టారు, ఆయన తిట్టలేదు. మిగిలిన వెనక అర్రలోనే ఈ ఏడాదీ గడిపాడు.

శ్మశానం పట్టాలకు అవతల ఉంది. పాడె పాత గేటు దగ్గరికి వచ్చేసరికి గూడ్సు బండి అడ్డం వచ్చింది. పొడుగు బండి. "జర దింపుదాం" అన్నారెవరో. "వద్దు" అంది అక్క. డబ్బాలు పోతూనే ఉన్నాయి. పదకొండు ఇళ్ళ మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకుంటూ, పాడె కింద పెట్టకుండా, ఎండలో నిలబడ్డారు.