మావయ్య స్కౌటు కత్తి

మా పక్క క్వార్టరు మావయ్య గత సోమవారం పొద్దున్న కన్నుమూశారు. ఉస్లాపూర్‌లో నేను పాఠాలు చెప్పే బడికి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోనారమ్మా" అని ఒక్కమాట.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన మీలో చాలామందికి ఆయన స్కౌట్ మాస్టారు. షెడ్డులో ఫిట్టరు డ్యూటీ దిగి, ఖాకీ నిక్కరు వేసుకుని ముడులు నేర్పేవారు. ఆయన జేబులో కత్తి ఎవరు మరిచిపోతారు? కొమ్ము పిడి, అందులోకి మడిచిన కత్తి, డబ్బా మూత కోసేది, మరలు తిప్పేది, దబ్బనం. కుర్రతనంలో ఏదో క్యాంపులో సంపాదించినది. దాన్ని ఒక్కసారి తెరవడానికి మనమంతా వరసకట్టినవాళ్ళమే. "మూసి ఇయ్యాల. తీసుకున్నోడే తెరవాల" అనేవారు.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను. నా పెన్సిళ్ళు చెక్కింది ఆ కత్తే. తెగిన సంచీ పట్టీకి చిల్లు పొడిచి కుట్టింది ఆ దబ్బనమే.

కత్తి రేకు మీద గోరు పట్టేంత సన్నని గాడి ఉండేది. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి గోరుతో లాగితే టక్కుమని తెరుచుకునేది. ఆ చప్పుడును ఆయన 'పలకడం' అనేవారు. ఉద్యోగం వచ్చాక, పన్నెండు పనులు చేసే మెరుపు కత్తి ఒకటి బజారులో కొనిచ్చాను. తెరిచి, మూసి, చెవి దగ్గర పెట్టుకుని నవ్వారు. "అచ్ఛా, బాగుందే గుంటా. ఇది మూగది కదేటి!"

నిరుడు దసరా ముందు పక్షవాతంతో ఆయనకు కుడివైపు పడిపోయింది. ఆ చెయ్యి ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. కత్తిని మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమ బొటనవేలి గోరుతో లాగేవారు. "నేను తీస్తాను మావయ్యా" అంటే, "ఒగ్గీ. నానే తియ్యాల." రేకు వెంట్రుకవాసి లేచేది, మళ్ళీ మూసుకునేది.

సులువవుతుందని నేను చెప్పకుండా దాని కీలులో కొబ్బరినూనె పోశాను. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను బిగుసుకున్నా అదే మందు. పుష్యమాసపు చలికి నూనె గడ్డకట్టింది. మర్నాడు రేకు అసలు కదల్లేదు. ఆయన తన ఎడమచేతిని చాలాసేపు చూసుకున్నారు. "ఇదీ అయిపోనాదే" అన్నారు. కత్తిని బీరువాలో పెట్టించేశారు. నూనె సంగతి అప్పుడే చెప్పవలసింది. సిగ్గేసింది. రేపు చెబుదామనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ నోరు ఇంకా పెగల్లేదు.

సోమవారం, స్నానం చేయించే ముందు అత్తయ్య ఆయన చేతులు తుడుస్తోంది. గోళ్ళన్నీ పొట్టిగా కత్తిరించి ఉన్నాయి, ఒక్క ఎడమ బొటనవేలికి తప్ప.

"అదొక్కటీ కొయ్యనిచ్చీవోరు కాదమ్మా. ఉండనీ అనీవోరు. ఎందుకో ఏటో."

గోరు తెల్లగా, పొడుగ్గా ఉంది. విరక్కుండా గోడకు రాసుకుని, చివర నున్నగా చేసుకున్నారు.