ఎదురింటి పెద్దమ్మ మాత్రలు

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో పేరు. పాలు చిక్కగా ఉంటే ఇందులో ఏం కలిపారా అనుకునే రకాన్ని. అలాంటిదాన్ని మా ఆయన్ని మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అనుమానించలేదు. ఆ పని ఇన్సూరెన్సు వాళ్ళు చేయించారు.

ఆయన గుండెకు స్టెంటు వేయించుకుని చెరుకుపల్లి వచ్చిన పదిరోజులకు ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం వచ్చింది. పాలసీ తీసుకోక ముందు నుంచే ఆయనకు బీపీ ఉందట, ఆ సంగతి దాచారట, అందుకని ఆసుపత్రి ఖర్చు ఇవ్వరట. తెనాలి మందుల షాపు బిల్లులు జతచేశారు. అన్నీ ఆయన పేరు మీదే, నెలకు అరవై బీపీ మాత్రలు.

"అవి ఎదురింటి పెద్దమ్మవే," అన్నారాయన.

కావచ్చు. ఆయన పనిమీద రోజూ తెనాలి వెళ్తారు. వీధిలో ఎవరికి మందులు కావాలన్నా చీటీ ఆయన చేతికే ఇస్తారు. షాపులో పేరడిగితే ఈయన తన పేరే చెబుతారు. ఇదంతా తెలిసి కూడా నేను ఆయన చొక్కా జేబులు వెతికాను. భోంచేసి పెరట్లోకి వెళ్తే, నోట్లో ఏమైనా వేసుకుంటున్నారేమోనని కిటికీలోంచి చూశాను. ఏమీ కనబడలేదు. కనబడకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. ఆ మాత్ర ఇంకెవరైనా వాడుతున్నారేమోనని వీధంతా తిరిగి అడిగాను. ఎవరూ వాడటం లేదు.

ఆసుపత్రి కోసం అరెకరం తాకట్టు పెట్టాం. అది దక్కాలంటే వినియోగదారుల కమిషన్లో వేసిన కేసు గెలవాలి. ఆ మాత్రలు తనవేనని పెద్దమ్మ తెనాలి లాయరు దగ్గర ప్రమాణపత్రం మీద సంతకం పెట్టింది. తిరుగు బస్సులో, అమృతలూరు దాటాక, ఉండబట్టలేక అడిగాను.

"రోజుకి ఎన్ని వేసుకుంటావు పెద్దమ్మా?"

"పొద్దున్నే ఒకటేనే అమ్మాయ్. రెండోది వేసుకుంటే కళ్ళు తిరగవూ?"

అంటే నెలకు ముప్పై. బిల్లుల్లో అరవై. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మాట లాయరుకు చెప్పలేదు. మా ఆయన్నీ అడగలేదు.

కేసు గెలిచాం. ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని, ఇప్పటికైనా నమ్మావా అన్నారాయన. నమ్మానండి అన్నాను. ఆయన అబద్ధమాడారని నాకు కోపం రాలేదు. ఒంట్లో బాగాలేదని ఇన్నేళ్ళూ నాకు చెప్పుకోలేకపోయారే అని మాత్రం ఏడుపొచ్చింది. కేసు గెలిచిన సంతోషమనుకుని ఆయన నా వీపు నిమిరారు.