అన్ని పేర్ల కిందా అదే ఆకు

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలననిపిస్తోంది.

నేను కరీంనగర్‌లో ఉంటూ చిన్న దుకాణాలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిస్తాను. ఖానాపూర్‌లో ఒక పురుగుమందుల దుకాణానికి ఒకటి చేశాను. తెగులు పేరు నొక్కితే ఆ తెగులు సోకిన ఆకు ఫొటో కనిపించాలి. రైతు తను తెచ్చిన ఆకును దాంతో పోల్చి చూసుకుంటాడు. ఫొటోలన్నీ ప్రోగ్రాంతో పాటే ప్యాక్ చేసి, అందులోంచే తెరిపించాలి. నేనేమో కొన్నింటికి నా కంప్యూటర్‌లోని ఫోల్డర్ దారే రాసి వదిలేశాను. నా దగ్గర అన్నీ చక్కగా కనిపించాయి. దుకాణంలో ఆ ఫోల్డర్ ఎక్కడిది? ఫొటో దొరక్కపోతే తెర మీద ఖాళీ గడి రావాలి. దుకాణం యజమాని సేటు ముందు పరువు పోతుందని, దొరకనప్పుడల్లా మొదటి ఫొటోనే చూపించేలా ముందే రాసిపెట్టాను. ఆ మొదటిది నల్లమచ్చ తెగులు.

మా మేనమామది ఆ ఊరి దగ్గరే పత్తి చేను. మచ్చలు పడ్డ ఆకు పట్టుకుని ఆ దుకాణానికే వెళ్లాడు. సేటు ఎండు తెగులు పేరు నొక్కాడు. తెర మీద అచ్చం మామ చేతిలోని ఆకే. ఎండు తెగులులో ఇలాంటి మచ్చలుండవే అని సేటుకు అనుమానం వచ్చి, ఇంకెవరికైనా చూపిద్దామన్నాడట. మామే వినలేదు. "మా అల్లుడు చేసిన కంప్యూటర్. తప్పెట్ల చూపిస్తది? గా మందే ఇయ్యి" అన్నాడట.

చేనుకు పట్టింది నల్లమచ్చ. ఎండు తెగులు మందు దానికి పనిచేయలేదు. చేను చాలావరకు పోయింది.

సంగతి విని నేను దుకాణానికి పోయాను. ఒక్కో పేరు నొక్కుతుంటే అదే ఆకు, మళ్లీ అదే ఆకు. రంగులు మార్చానని సేటుకు చెప్పి, సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించి బయటపడ్డాను. అప్పటికింకా అది పొరపాటే. తప్పు ఆ సాయంత్రం చేశాను.

చేను గట్టు మీద కూర్చుని మామ అడిగాడు.

"మందైతే సరైందే తెచ్చిన గద అల్లుడా. మరెందుకు పన్జెయ్యలే?"

"నీళ్లల్ల ఎక్కువ తక్కువ కలిపినవేమో మామా."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "గంతేనేమో. కండ్లు సుత సక్కగ కనవడ్తలేవు. నేనే ఖరాబ్ చేసిన."

కాదు మామా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఎందుకు అనలేదు? నా పేరు చెడుతుందనా, దుకాణాలవాళ్లు ఇక పని ఇవ్వరనా, లేక నన్ను చూస్తే మామ కళ్లలో కనిపించే ఆ గర్వం పోతుందనా? మూడోదేనని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను, ఎందుకంటే అలా అనుకుంటే నేను కాస్త మంచివాడిగా కనిపిస్తాను. నిజం మొదటి రెండే.

ఇప్పుడు మందు కొలిచేది మా అత్త. మామ ముట్టుకోడు. మొన్న వానాకాలం నేను వెళ్లినప్పుడు అత్తకు జ్వరం. మందు డబ్బా నా చేతికిచ్చి, "జర నువ్వే కొల్వు అల్లుడా. నా చేతి మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. కొలిచి ఇచ్చాను.

మామ చేతిలో ఏ తప్పూ లేదు. తప్పింది నా ప్రోగ్రాం, ఆ తర్వాత నా నోరు. ఈ మాట ఇవాళే మొదటిసారి రాశాను, రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. మామకు చదవడం రాదు. అది తెలిసే రాశాను.