పదిహేడో చాకు

మా వాట్‌గంజ్ సందులో ఎవరికి ఏ కట్టు విప్పాలన్నా, ఏం కోయాలన్నా బైరాగే కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పార్సిల్ గానీ, జామకాయ గానీ, పందిరి తాడు గానీ, "బైరాగి మావా, సాకు!" అని ఒక్క కేక వేస్తారు. వాడు లుంగీ మొలకట్టులోంచి మడత చాకు తీస్తాడు. గోటితో పదును రేకు, అదే అలుగు, విప్పుతాడు, పని కానిస్తాడు, లుంగీకే తుడిచి మడిచేస్తాడు. అంతా కలిపి అర నిమిషం. ఆ అర నిమిషంలో వాడి మొహం చూడాలి, కొత్త పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

నా జేబులో చాకు లేదా? ఉంది. ఎవడైనా అడిగాడా? నా గుమ్మం ముందు నుంచే దాటుకుంటూ వాడి గుమ్మానికి పోతారు. నా పేరు వెంకటరత్నం. ముప్పై రెండేళ్లు రేవులో వాడితో ఒకే గ్యాంగులో సరుకు కట్లు బిగించాను. ఒకే ఏడాది రిటైరయ్యాం. మా రెండిళ్లకీ గోడ ఒకటే, కుళాయి ఒకటే. మరి వాడిలో ఏం చూశారు, నాలో ఏం తక్కువైంది? ఈ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాడి దగ్గర పెద్ద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంది. అందులో గోనె ముక్క మీద పదిహేడు మడత చాకులు. ఒకటి కర్ర పిడిది, ఒకటి చేప ఆకారంలో ఇత్తడిది, ఒకటి కొన వంకర తిరిగినది. అన్నీ ఓడల మీద నుంచి దిగినవే. ఒక్కటీ కొన్నది కాదు. నావికులకు ఆవకాయ సీసాలిచ్చి మార్చుకున్నాడు. ఆ ఆవకాయ ఎవరు పెట్టింది? మా ఆవిడ నరసమ్మ. "అన్నియ్య అడిగినాడు" అని సీసాలకు సీసాలు ఇచ్చేసేది. ఆవకాయ నా ఇంటిది, చాకు వాడింటిది. ఎక్కడన్నా ఉందా ఈ అన్యాయం!

రోజుకో చాకు మొలలో పెట్టుకుని తిరుగుతాడు. మెట్రో ఎక్కాలంటే సంచీలు, జేబులు చూస్తారు కదా, ముందుగా ఆశిష్‌దా టీకొట్లో చాకు దాచి వెళ్తాడు. ఆశిష్‌దా దాన్ని గల్లాపెట్టె పక్కన శుభ్రమైన గుడ్డ మీద పెడతాడు. నేనొకసారి నా గొడుగు ఉంచమంటే, "ఓ కోణే రాఖో" అని మూల చూపించాడు.

ఇదంతా ఒక ఎత్తు. ఆ డబ్బాలోని లేడికొమ్ము పిడి చాకు ఒక్కటీ ఒక ఎత్తు.

ఇరవయ్యారేళ్ల కిందటి మాట. ఓడ మీద లాగుతున్న తాడులో ఒక నావికుడి కాలు చిక్కుకుంది. అందరూ అరుస్తున్నారు. నేను పక్కనున్న బైరాగి మొలలోంచి చాకు లాక్కుని, వంగి తాడు కోసేశాను. ఇంకో రెండు క్షణాలైతే ఆ నావికుడి కాలు ఉండేది కాదు. చాకు బైరాగిదే, కాదనను. చెయ్యి నాది. మర్నాడు నేను పనికి వెళ్లలేదు. మా అమ్మను ఊరికి పంపడానికి హౌరా స్టేషన్‌కి వెళ్లాను. ఆ రోజే ఆ నావికుడు జెట్టీ మీదికి దిగి, తన జేబులోని కొమ్ము చాకు బైరాగికి ఇచ్చిపోయాడు. సాయంత్రం చూద్దును కదా, అది వాడి డబ్బాలో పదిహేడోదై కూర్చుంది.

"ఎవరికిమ్మన్నాడ్రా?" అని నేను అడగలేదు. ఎందుకడుగుతాను? అడిగితే నా పరువేం కాను? వాడే చెప్పాలని చూశాను. వాడు చెప్పలేదు. నాకు పట్టుదల వచ్చి హౌరా బ్రిడ్జి దగ్గర ఎర్ర పిడి చాకు ఒకటి కొన్నాను. మొదటి జామకాయకే దాని స్ప్రింగు ఊడింది. సందంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆవిడ.

మొన్న వానాకాలం మొదట్లో బైరాగి ఆ డబ్బా చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కళ్లకు పొరలు కమ్మాయి, గుమ్మం తడుముకుంటూ వచ్చాడు.

"ఒరే రత్నం, రెండు నెల్లు ఉండను. మా అమ్మాయి హౌరాలో ఉంది కదా, రెండు కళ్లకీ ఆపరేసను అక్కడే సేయించుకుంతాను. ఈ డబ్బా నీకాడ ఉంచు. వానలు కదా, ఆదివారం ఆదివారం తుడిసి, మడతల్లో సుక్క మిసను నూనె ఎయ్యి. కొమ్ముదానితో పుల్ల మాడికాయ కోసాను, ముందు దాన్ని కడుగు."

"నానేటి, నీ నౌకరునా?"

"నువ్వు కాకపోతే నాకెవుడున్నాడ్రా?" అన్నాడు. అని వెళ్లిపోయాడు.

ఆదివారం చాప మీద కూర్చుని డబ్బా తెరిచాను. పదహారు చాకులూ తుడిచాను, మడతల్లో నూనె వేశాను, అద్దాల్లా తయారుచేశాను. వాడొచ్చి వంక పెట్టడానికి వీల్లేకుండా చేశాను. చివరికి కొమ్ముది చేతిలోకి తీసుకున్నాను. అలుగు మీద మామిడి పులుపు ఎండి అంటుకుని ఉంది. కడగలేదు. తుడవలేదు. అలాగే మడిచి డబ్బాలో పడేశాను. నాకు దక్కనిది నీకు మాత్రం ఎందుకు దక్కాలిరా, తుప్పు పట్టి చావనీ అనుకున్నాను. అబద్ధమెందుకు, ఆ పూట నాకు ప్రాణం హాయిగా ఉంది.

"పదిహేడింటికీ నూనె రాసినావా?" అంది నరసమ్మ, వంటింట్లోంచి.

"రాసానే, రాసాను!"

తొమ్మిది ఆదివారాలు అలాగే చేశాను. తొమ్మిదిసార్లూ అడిగింది. తొమ్మిదిసార్లూ అదే జవాబు చెప్పాను.

వానలు తెరిపిచ్చాక బైరాగి వచ్చాడు, నల్లద్దాలు పెట్టుకుని, పెద్ద ఆఫీసర్‌లాగ. సాయంత్రం గుమ్మం ముందు మధ్యలో స్టూలు వేసుకుని కూర్చున్నాం. నరసమ్మ డబ్బా తెచ్చి పెట్టింది. వాడు చేత్తో తడిమి కొమ్ము పిడి చాకునే పట్టుకున్నాడు. చాకు ఒకరి చేతికి ఒకరు ఇస్తే తగువొస్తుందని వాడి నమ్మకం, అందుకని స్టూలు మీద పెట్టాడు.

"తీసుకో. ఇది నీది."

"ఏటిరా?"

"నీదేరా. తాడు కోసినోడికి ఇమ్మని ఆ నావికుడు ఇచ్చినాడు. నువ్వు ఆ రోజు రాలేదు కదా."

నా గొంతు లేచింది. "ఇరవయ్యారేళ్లు నీకాడ దాసుకుని ఇప్పుడు సెప్తావేటి?"

వాడు నరసమ్మ వైపు తిరిగాడు. నరసమ్మ ఏ మాత్రం బెదరలేదు.

"అన్నియ్యనేటి అంతావు? నానే వద్దన్నాను. అప్పుడు నువ్వు మీ గ్యాంగు పెద్ద, ఆ సర్దారు మీద ఎలగ ఎగిరేవోడివో మరిసిపోనావా? రోజుకోడిని పొడిసేస్తానని తిరిగేవోడివి. ఆయన సేతికి సాకు ఇయ్యకు అన్నియ్యా, కోపం తగ్గినాక ఇద్దువుగాని అని నానే బతిమాలినాను. ఇప్పుడు ముసిలోడివైపోనావు కదా, ఇచ్చేయమన్నాను."

ఇద్దరూ కలిసి నన్ను ఇరవయ్యారేళ్లు చిన్నపిల్లాణ్ని చేసి ఆడించారు. అయినా ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. స్టూలు మీది ఆ చాకు లోపల ఎలా ఉందో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే మేడ మీది భానుమతి జామకాయలతో దిగింది. "బైరాగి మావా, సాకు!"

"నన్ను కాదే, రత్నం మావనడుగు. అసలైన సాకు ఆడికాడుంది."

భానుమతి నా వైపు తిరిగింది. ఈ సందులో ఒక మనిషి చాకు కోసం నా వైపు తిరగడం అదే మొదలు. ఆ చూపు కోసం ఎన్నేళ్లు కుళ్లుకుని చచ్చానో నాకే తెలుసు. చాకు తీసుకుని అలుగు గాడిలో గోరు పెట్టి లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. గోరు చీలి రక్తం వచ్చింది గానీ అలుగు కదల్లేదు.

బైరాగి చెయ్యి చాపాడు. స్టూలు మీద పెట్టాను. తీసుకుని మడత మీద బొటనవేలు రాశాడు, వేలికి ఎర్రగా పొడి అంటింది.

"అయ్యో, తుప్పట్టిపోనాది. నాదే తప్పురా రత్నం. పుల్ల మాడికాయ కోసి అలాగే మడిసేసినాను. ఇన్నేళ్లు జాగర్తగా సూసుకుని, ఆకరికి నీ వస్తువు నానే పాడు సేసినాను."

ఊఁ అంటే సరిపోయేది. వాడే తప్పు మీద వేసుకున్నాడు కదా. కానీ పక్కన డబ్బాలో పదహారు చాకులు తళతళలాడుతున్నాయి. వాటిని చూసి నరసమ్మ నా మొహం చూసింది.

"నువ్వు కాదురా," అన్నాను. "నానే నూనె ఎయ్యలేదు."

"మరిసిపోనావా?"

"లేదు."

భానుమతి జామకాయలు పట్టుకుని అలాగే నిలబడింది. నల్లద్దాల వెనక వాడి కళ్లు ఎలా ఉన్నాయో నాకు కనపడలేదు. తిట్టినా బాగుండేది. వాడు తిట్టలేదు. చాకును గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేశాడు.

"సెల్లీ, ఇంకొన్నాళ్లు నాకాడే ఉంచుతానులే," అన్నాడు. నరసమ్మ తలూపింది. తరవాత వాడు డబ్బాలోంచి ఇంకో చాకు తీసి జామకాయ నాలుగు ముక్కలు కోసి, మొదటి ముక్క నాకే ఇచ్చాడు.

కిరసనాయిల్లో ఆరు రోజులు నానబెడితే చాకు తెరుచుకుంది. అలుగు మీద నల్ల మచ్చలు మాత్రం పోలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం వాడింటికి వెళ్లి పదిహేడింటికీ నేనే నూనె వేస్తున్నాను, మొదట దానికి. బయట సందులోంచి "బైరాగి మావా!" అని కేక వినిపిస్తుంది. వాడు లేచి వెళ్తాడు. నేను పళ్లు నూరుకుంటూ కూర్చుంటాను.

తిరిగొచ్చి, "కోపం తగ్గిందేటిరా?" అని అడుగుతాడు.

"ఇంకా లేదు," అంటాను. వాడు డబ్బా మూత పెట్టేస్తాడు.